ద్రాస్ చలి, మన బడి కప్పు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

    

మన కార్యదర్శి పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు లద్దాఖ్ పోయొచ్చినావంట కదా, ఆ సంగతులు ఇరవై నిమిషాలు చెప్పు, పిల్లోళ్లు వింటారు" అన్నాడు. "జనవరిలో ఎవరూ ఊటీకే పోరు, నువ్వు ద్రాస్ ఎందుకు పోయినావ్?" అని కూడా అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మా అక్క కొడుకు. వాడు సివిల్ ఇంజనీరు. కశ్మీర్ లోయకూ లద్దాఖ్‌కూ మధ్య జోజిలా అనే కనుమ ఉంది. ఎత్తు 11,575 అడుగులు. చలికాలంలో మంచు పడితే దారి మూసుకుపోతుంది. ఆ కొండ కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2020లో పని మొదలైంది. చేస్తున్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్. సొరంగానికి తూర్పు మొగదల మీనామార్గ్ దగ్గర. అక్కడినుంచి కిందికి దిగితే వచ్చే మొదటి పెద్ద ఊరు ద్రాస్. అట్లా మావాడు బేతంచెర్ల ఎండలోంచి పోయి ఆ మంచులో పడ్డాడు. మూడేళ్లుగా "ఒకసారి రా మామా" అంటున్నాడు. వేసవిలో అయితే అందరూ పోతారు, చలి చూడాలంటే చలికాలంలోనే పోవాలని నిరుడు జనవరి నెలాఖరున బయలుదేరాను.

ముందుగా ప్రయాణం సంగతి రోంత చెప్తాను. డోన్‌లో రైలెక్కి హైదరాబాద్, అక్కడినుంచి విమానంలో ఢిల్లీ, ఢిల్లీ నుంచి లేహ్. ఢిల్లీ నుంచి గంట పైచిలుకు, అంతే. దిగేసరికి మనం పది వేల అడుగుల పైన ఉంటాం. అక్కడ గాలి పలచన. అందుకని మొదటి రెండు రోజులు ఎక్కువ తిరగకుండా పడుకోమంటారు. ఈ మాట పెడచెవిన పెట్టినవాళ్లు తలనొప్పితో, వాంతులతో ఆసుపత్రి చూస్తారు. మా ఆవిడ మూట కట్టిన బొరుగుల ప్యాకెట్ సీలు వేసినది వేసినట్టే ఉబ్బి ఫుట్‌బాల్‌లా తయారైంది. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గాలి వ్యాకోచిస్తుందని మా సైన్సు సారు నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పిన పాఠం అది. సారు ఇక్కడే ఉన్నారు. సార్, మీ పాఠం బొరుగుల ప్యాకెట్‌లో కనబడింది.

లేహ్ నుంచి కార్గిల్ రెండు వందల కిలోమీటర్ల పైమాట. దారిలో ఫోతులా అనే కనుమ వస్తుంది. శ్రీనగర్ నుంచి లేహ్‌కు పోయే రోడ్డు మీద అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే, 13,479 అడుగులు. జోజిలా కంటే ఎక్కువ. అయినా మంచు ఎక్కువగా పడేది జోజిలా మీదే. కారణం మన పిల్లలకు తెలిసినదే, వర్షచ్ఛాయ. పడమటి కనుమలు మేఘాలను ఆపి మనకు ఎండ మిగిల్చినట్టు, అక్కడ హిమాలయాలు మేఘాలను ఆపేస్తాయి. మేఘాలకు మొదట అడ్డుపడే జోజిలా, దాని ఒడిలోని ద్రాస్ మంచంతా తీసుకుంటాయి. లోపలికి పోయేకొద్దీ లద్దాఖ్ ఎండిపోయిన నేల. లేహ్‌లో ఏడాదికి పడే వాన, మంచు కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనకు పేరు గానీ, వాళ్ల వానతో పోలిస్తే మనం ధనవంతులం.

కార్గిల్ నుంచి ద్రాస్ ఇంకో అరవై కిలోమీటర్లు. ద్రాస్ నది పక్కనే రోడ్డు. నది ఒడ్డులు గడ్డకట్టి, నడుమ మాత్రం నల్లటి నీళ్లు పారుతుంటాయి. ఊరు సుమారు 10,700 అడుగుల ఎత్తున, చుట్టూ కొండల నడుమ పళ్లెంలా ఉంటుంది. బరువైన చల్లగాలి రాత్రిపూట కొండల మీదినుంచి జారి ఆ పళ్లెంలో నిలబడిపోతుంది. అదే ఆ ఊరి చలి రహస్యం. ద్రాస్ కంటే ఎత్తయిన ఊళ్లు లద్దాఖ్‌లో చాలా ఉన్నాయి.

ఊళ్లో ఒక బోర్డు ఉంది. ప్రపంచంలో మనుషులు నివసించే అత్యంత చల్లటి ప్రదేశాల్లో ఇది రెండవది అని. అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. నేనూ దిగాను. బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ఆ 'రెండవది' మీద అనుమానం. సైబీరియాలో ఒయ్‌మ్యకోన్, వెర్ఖొయాన్‌స్క్ అని రెండు ఊళ్లున్నాయి. రెండుచోట్లా మైనస్ 67 దాటింది. ద్రాస్‌లో 1995లో మైనస్ 60 పడిందని చెప్పుకుంటారు. ఎవరిది ఎన్నో స్థానమో తేల్చే పని నాది కాదు. నేనున్న నాలుగు రోజుల్లో తెల్లవారుజామున నా థర్మామీటర్ చూపించింది మైనస్ 24. నాకు అది చాలు.

మనూళ్లో డిసెంబర్‌లో పదిహేడు డిగ్రీలు పడితే మంకీ క్యాప్ పెట్టుకొని టీ కొట్టు దగ్గర "అబ్బా ఏం చలిరా నాయనా" అనుకుంటాం. మైనస్ 24 వేరే జాతి. వణుకు తర్వాత సంగతి, ముందు నొప్పి. ముక్కులోపల వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటాయి. తడి టవల్ బయట ఆరేస్తే అయిదు నిమిషాల్లో అట్టముక్క. ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే అయిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. తడి చేత్తో ఇనుప గొళ్లెం పట్టుకోకూడదు, చర్మం అతుక్కుంటుంది. మామూలు డీజిల్ చిక్కబడి ఇంజన్‌కు అందదు. లారీలవాళ్లు ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకునేవాళ్లంట. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా గడ్డకట్టని చలికాలపు డీజిల్‌ను తెచ్చింది. "లేకుంటే మా మిషన్లు పొద్దున్నే లేవవు మామా" అన్నాడు మావాడు. అన్నం సంగతి ఇంకోటి. ఆ ఎత్తులో నీళ్లు 89 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. బొరుగులు మాత్రం ఉడకనక్కర్లేదు కాబట్టి, మావాడు నాకు ద్రాస్‌లో ఉగ్గాని చేసి పెట్టాడు. అంత రుచైన ఉగ్గాని నేను నంద్యాలలో కూడా తినలేదు.

ద్రాస్ పేరు మనందరికీ తెలిసింది 1999లో. ఆ యుద్ధానికి మూలం కూడా చలే. చలికాలం వస్తే కొండల మీది చౌకీలను ఇరువైపుల సైన్యాలూ ఖాళీ చేసి దిగిపోవడం అప్పటి అలవాటు. ఆ ఏడాది అవతలివాళ్లు ఖాళీగా ఉన్న మన శిఖరాల మీదికి ఎక్కి కూర్చున్నారు. వాళ్లను దించడానికి మే నుంచి జూలై 26 దాకా పట్టింది. 527 మంది మన సైనికులు పోయారు. ఊరి పక్కనే తోలోలింగ్ కొండ, దాని పాదం దగ్గర స్మారకం. పైన టైగర్ హిల్ 16,600 అడుగులు. స్మారకం గోడ మీది పేర్లలో మేజర్ పద్మపాణి ఆచార్య పేరు వెతికాను. హైదరాబాద్‌వాడు, రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్. 1999 జూన్ 28న ఇక్కడే పోయాడు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. వయసు ముప్పై నిండి వారం. గోడ ముందు మోకాలి లోతు మంచు. నేను టోపీ తీశాను. అర నిమిషం కూడా ఉంచలేక మళ్లీ పెట్టుకున్నాను. ఆ శిఖరాల మీద ఇప్పుడు చలికాలం కూడా మన పిల్లలే కాపలా ఉంటున్నారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ ఊరి ఇళ్ల గురించి.

మావాడి క్యాంపులో బయటివాళ్లను ఉంచరు. ఊళ్లో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో గది చూశాడు. ఆ ఇంటి గడప దాటగానే నాకు మా జేజి ఇల్లు గుర్తొచ్చింది. రాయీ మన్నూ కలిపి కట్టిన రెండడుగుల మందం గోడలు. పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా కట్టెలు, వాటి మీద గడ్డి, గడ్డి మీద మట్టి. అచ్చం మన మిద్దె. మనకు వేపమాను దూలాలు, వాళ్లకు పోప్లర్ చెట్టు దూలాలు. మనం దంతెల మీద బండలు పరిచి చవుడు పోస్తే, వాళ్లు విల్లో కొమ్మలు పరిచి మన్ను పోస్తారు. మనం గాలీ వెలుతురుకు గవాచి పెట్టుకున్నట్టు వాళ్లకు పొగగొట్టం కంత ఉంది. జొన్నలను మన పెద్దోళ్లు పాతరలో దాచినట్టు, వాళ్లు టర్నిప్పులు, ఉర్లగడ్డలు, క్యారెట్లు గుంత తీసి దాస్తారు. పైన మంచు గడ్డకట్టినా గుంతలో అవి గడ్డకట్టవు. ఇంటి నడుమ బుఖారీ అనే రేకుపొయ్యి. అందులో పేడపిడకలు, కట్టెలు. చలికాలంలో ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలోనే. వంట, నిద్ర, చదువు, పోట్లాట అన్నీ అక్కడే.

నీళ్ల సంగతి కూడా అంతే. లేహ్ వైపు పల్లెల్లో మంచు కరిగిన నీళ్లను పొలాలకు వంతు ప్రకారం వదలడానికి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టుకుంటుంది. అతన్ని చుర్పోన్ అంటారు. మా మేనల్లుడు ఆ మాట చెప్పి అర్థం వివరించబోతుంటే, "ఒరేయ్, అది నీరుగంటి రా" అన్నాను. వాడికి నీరుగంటి అంటే తెలియదు. వాడు పుట్టేసరికి మన చెరువు కింద తడి పారడం ఆగిపోయింది.

రెండో రాత్రి మాస్టారు నన్ను అడిగాడు. హిందీలోనే మాట్లాడుకున్నాం, ఇద్దరిదీ సమానమైన హిందీ. "మీ ఊళ్లో ఎంత వేడి ఉంటుంది?" అన్నాడు. మేలో 44, 45 దాకా పోతుందన్నాను. ఆయన ఉప్పు టీ గిన్నె కింద పెట్టి, "మరి పిల్లలు బడిలో ఎట్లా కూర్చుంటారు?" అన్నాడు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడి, ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ 12 దాకా సెలవు అని చెప్పాను. ఆయన నవ్వాడు. "మాకూ అంతే. డిసెంబర్ నడుమ మూస్తాం, ఫిబ్రవరి దాటాక తెరుస్తాం. మీరు ఎండకు మూస్తారు, మేము చలికి మూస్తాం." కాసేపాగి, "మూయడం తేలికే. మూయకుండా ఉండడానికి మీవాళ్లేం చేశారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వాళ్లవాళ్లు ఏం చేశారో మాత్రం నేను అంతకు మూడు రోజుల ముందే చూసి ఉన్నాను.

లేహ్‌కు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఫే అనే పల్లె. అక్కడ సెక్మోల్ అని ఒక బడి ఉంది. ఒకప్పుడు లద్దాఖ్‌లో పదో తరగతి రాసిన పిల్లల్లో నూటికి 95 మంది తప్పేవారు. పుస్తకాల్లో వాళ్లు చూడని చెట్లు, వాళ్లు మాట్లాడని భాష. 1988లో సోనమ్ వాంగ్‌చుక్, ఇంకొందరు కుర్రాళ్లు కలిసి, తప్పినవాళ్ల కోసం పని మొదలుపెట్టారు. ఆ సంస్థే ఇది. నేను చూడాలనుకున్నది వాళ్ల కట్టడం. గోడలు కాంక్రీట్ కాదు, చుట్టుపక్కల మన్నే తెచ్చి దిమ్మిసతో కొట్టిన మట్టిగోడలు. పొడుగువైపు దక్షిణానికి తిప్పి కట్టారు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన బాగా కిందుగా నడుస్తాడు కదా, పెద్ద కిటికీల్లోంచి ఎండ నేరుగా గది వెనక గోడ దాకా వస్తుంది. పగలంతా గోడ వేడిని తాగి, రాత్రి మెల్లగా వదులుతుంది. వేసవిలో అదే సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, చూరు అడ్డుకుంటుంది. బయట మైనస్ 15 ఉన్నప్పుడు లోపల పిల్లలు పొయ్యి లేకుండా, మామూలు స్వెట్టర్లతో కూర్చొని ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. నేను జర్కిన్ విప్పేశాను.

ఇప్పుడు మన ఊరికి వస్తాను.

మనం పదిహేనున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. అంటే మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నెత్తిన ఉంటాడు. వాళ్లకు ఎండ కిటికీలోంచి వస్తే మనకు కప్పులోంచి దిగుతుంది. మన మిద్దెలు కట్టినవాళ్లకు ఈ లెక్క తెలుసు. అడుగు మందం మన్ను కప్పు మీద పోస్తే, పొద్దున పడ్డ ఎండ లోపలికి దిగేసరికి రాత్రి అవుతుంది. అందుకే పగలు మిద్దె చల్లగా ఉంటుంది, రాత్రి ఉక్కపోస్తే మనం పైకెక్కి పడుకునేవాళ్లం. నాకు తట్టింది ఏమిటంటే, బడికి ఇంతకంటే సరైన కప్పు లేదు. బడి పగటి కట్టడం. వేడి దిగే వేళకు పిల్లలు ఇంట్లో ఉంటారు. అయిదంగుళాల స్లాబుకు ఆ ఓపిక లేదు, మధ్యాహ్నానికే దించేస్తుంది.

నేను ద్రాస్ నుంచి వచ్చాక, ఏప్రిల్‌లో హెడ్మాస్టర్ గారి అనుమతితో అదే థర్మామీటర్‌ను పడమటి వరుస గదిలో పెట్టాను. పన్నెండు గంటలకు, ఫ్యాన్ తిరుగుతుండగా, 40. పిల్లలు లెక్కల పరీక్ష రాస్తున్నారు. చేతుల చెమటకు కాగితం అంటుకుంటోంది. నలభై ఏళ్ల కింద నేనూ అట్లే రాశాను. అది గొప్పగా చెప్పుకునే సంగతి అని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం, "మేము చదవలేదా" అని. నాకు ఇప్పుడు ఆ మాట నచ్చడం లేదు.

మన కాళ్ల కింద ఉన్నది ఏ రాయి? సున్నపురాయి. మా నాయన గనిలో బండ తీసి నన్ను చదివించాడు. ఈ సభలో సగం మంది ఇళ్లలో బండ తీసినవాళ్లో, కోసినవాళ్లో, పాలిష్ పట్టినవాళ్లో ఉన్నారు. ఊరి పక్కన బిలస్వర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1880లలో తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు తీసింది కూడా ఈ సున్నపురాయిలోంచే. మండు వేసవిలో గుహల్లోకి పోతే ఎంత చల్లగా ఉంటుందో బడి ఎగ్గొట్టి పోయినవాళ్లకు బాగా తెలుసు, పేర్లు చెప్పను. ఈ రాయిని కాలిస్తే సున్నం. తెల్లటి సున్నం పూసిన కప్పు ఎండను చాలావరకు తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మనం దేశమంతా ఇళ్లకు నేల పరిచాం. మన బడి నెత్తి మీద మాత్రం నల్లబడిన స్లాబు.

మా మేనల్లుడితో ద్రాస్‌లో రెండు రాత్రులు కూర్చొని లెక్క వేయించాను. వాడు రెండు మార్గాలు చెప్పాడు. ఒకటి, ఏటా ఫిబ్రవరిలో కప్పు కడిగి రెండు చేతులు సున్నం వేయడం. ఇది పిల్లల ఎన్‌ఎస్‌ఎస్ పని లాంటిది, ఖర్చు తక్కువ, కానీ వానలకు పోతుంది, ఏటా వేయాల్సిందే. రెండోది, స్లాబు మీద జానెడు ఎత్తు ఇటుక దిమ్మెలు పెట్టి, వాటి మీద మన నాపబండలు పరచడం. ఎండ బండ మీద పడుతుంది, కింద గాలి ఆడుతుంది, స్లాబు నీడలో ఉంటుంది. బండలు మనకు కొత్త కాదు. ఫ్యాక్టరీల దగ్గర అంచు విరిగినవి గుట్టలు పడి ఉన్నాయి. అయితే పాత స్లాబు ఆ బరువు మోస్తుందా లేదా అన్నది ఇంజనీరు చూడకుండా ఒక్క బండ కూడా పైకెక్కించవద్దని గట్టిగా చెప్పాడు.

స్వర్ణోత్సవ నిధితో రోడ్డు వైపు ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోందని విన్నాను. ఆర్చి మీద అందరి పేర్లూ చెక్కిస్తారంట. నా పేరు కూడా ఉంటుంది, సంతోషమే. కానీ నన్ను అడిగితే, ముందు పడమటి వరుస ఆరు గదుల కప్పులు. మిగిలితే ఆర్చి. కమిటీలో ఉన్నవాళ్లు నా కంటే చిన్నవాళ్లు, అన్న మాట అనుకొని కోపం తెచ్చుకోకండి.

మావాడు మార్చిలో సెలవు మీద వస్తున్నాడు. స్లాబు చూసి కాగితం మీద రాసిస్తానన్నాడు. ఒక గదికి అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. మిగతా అయిదు గదుల కోసం కార్యదర్శి ఒక పుస్తకం తెరిచాడు, భోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోట బల్ల మీద పెట్టిస్తానన్నాడు.